ముప్పై ఏడు పాయింటు ఎనిమిది

మార్చి 3. గది 27.4 డిగ్రీలు, తేమ 71 శాతం.

ఈ పొద్దున గేటు నుంచి పద్నాలుగు థర్మామీటర్లు పంపించారు. మూడు నెలలకోసారి గేటువీ, ఆసుపత్రివీ, బడివీ అన్నీ నా బల్ల మీదికి రావాలి. నీళ్ళ తొట్టిని 37 డిగ్రీల దగ్గర నిలబెట్టి, మధ్యలో మా ప్లాటినం థర్మామీటరు దించి, దాని చుట్టూ నాలుగేసి చొప్పున మిగతావి వేలాడదీస్తాను. మాది ఎంత చెబితే అవీ అంతే చెప్పాలి. తేడా ఉంటే సరిదిద్ది, కాగితం మీద సంతకం పెట్టి, లక్క ముద్ర వేస్తాను. ఎర్రమెట్ట ప్రమాణశాలలో ఉన్నది నేనొక్కదాన్నే. తొట్టి కడిగేదీ నేనే, సంతకం పెట్టేదీ నేనే.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. పైకప్పు పలకల నుంచి కరెంటు తగ్గి తొట్టి 36.8కి జారిపోయింది. మళ్ళీ నిలదొక్కుకోవడానికి గంటన్నర పట్టింది. ఈలోగా గేటు కాపలావాళ్ళు రెండుసార్లు కబురు పెట్టారు. వాళ్ళ తొందర వాళ్ళది. సముద్రం పల్లాన్నంతా మింగాక మెట్టల మీద మిగిలిన ఊళ్ళు మావి. పడవ దిగిన ప్రతి మనిషీ నాలుక కింద థర్మామీటరు పెట్టుకున్నాకే గేటు దాటాలి. 37.8 చూపిస్తే ఇక మాటల్లేవు, ఇరవై ఒక్క రోజులు ఒంటిలంకలో విడిగా ఉండాలి. పదకొండేళ్ళ కిందట నీలిజ్వరం వచ్చి మా ఊళ్ళో ముగ్గురిలో ఒకరిని తీసుకుపోయింది. ఆనాటి నుంచి ఆ అంకెతో ఎవరూ వాదించరు.

మా ప్లాటినం థర్మామీటరును దక్షిణ ప్రమాణశాలకు పంపి, వాళ్ళ దానితో పోల్చి తెప్పించుకుని నాలుగేళ్ళయింది. ఏటా రావలసిన వాళ్ళ ఓడ మూడేళ్ళుగా రాలేదు. అయినా కాగితాల మీద 'తేడా 0.1కి మించదు' అని అప్పటి మాటే ఇప్పటికీ రాస్తున్నాను.

పద్నాలుగూ సరిగ్గా ఉన్నాయి. ముద్రలు వేసి పంపించాను.

మార్చి 5. గది 28.0, తేమ 68.

కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. పేరు నూకరత్నం. మాకూ ఎదురుగా ఉన్న పాలమెట్టకూ మధ్య పడవ నడుపుతుంది. ముప్పై ఏళ్ళుంటాయి. నిన్ననే ఒంటిలంక నుంచి వదిలారట. ఏడాదిలో ఇది మూడోసారి.

"థర్మామీటర్లమ్మ మీరేనా?" అంది.

"నేనే. నా పేరు సువార్త."

"నాకు జొరం నేదమ్మా. మూడుసార్లూ నేదు. అవతల పాలమెట్ట గేటు కాడ ముప్పై ఏడూ ఒకటి అన్నారు. గంటసేపు తెడ్డేసుకుని ఇటొచ్చేసరికి ముప్పై ఏడూ ఎనిమిది అనీసి లంకకి తోలీసినారు. గంటలో ఏ గాలి మోసుకొచ్చీసింది ఆ జొరం?"

ఎండలో తెడ్డు వేస్తే ఒళ్ళు కాస్త వేడెక్కుతుందని చెప్పాను. పాలమెట్టవాళ్ళవి పాత సామాన్లనీ, మావి మూడు నెలలకోసారి సరిచూసినవనీ చెప్పాను. మొన్నటి కాగితం నకలు తీసి చూపించాను.

ఆవిడ చదువుకున్న మనిషి కాదు. కాగితం మీద వేలు పెట్టి, "ఈ సంతకం ఎవరిది?" అంది.

"నాది."

"గేటుకాడివన్నీ మీదాంతో కొలిచీసినారు. మరి మీది ఎవరు కొలిచినారు?"

ఓడ సంగతి చెప్పాను. మూడేళ్ళుగా రాలేదని కూడా చెప్పాల్సి వచ్చింది. వెళ్ళబోతూ, చంటిదానికి అయిదో నెలనీ, తను లంకలో ఉన్న ఇరవై ఒక్క రోజుల్లో పాలు ఎండిపోయాయనీ చెప్పింది. ఇప్పుడు ఆడబడుచు చేతుల్లో గంజినీళ్ళు తాగుతోందట. నామీద కోపంగా చెప్పలేదు. ఎవరో ఒకరికి చెప్పాలి కాబట్టి చెప్పినట్టుంది.

మార్చి 6. గది 27.1, తేమ 74.

నిన్నటి మాట మనసులోంచి పోలేదు. ఓడ లేనప్పుడు నేను చేయగలిగిన పరీక్ష ఒకటుంది. మంచు కరిగే వేడి ఏ ఊళ్ళోనైనా సున్నా డిగ్రీలే. దానికి ఓడా అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఐసు చితక్కొట్టి, ఫ్లాస్కులో కూరి, కరిగిన నీళ్ళే పోసి, ప్లాటినం థర్మామీటరు దించాను. అరగంట ఆగి చూస్తే 0.02. మూడు నెలల కిందట 0.04. అంతకు ముందు 0.01.

ప్రాణం కుదుటపడింది. మధ్యాహ్నం అన్నం సహించింది.

సాయంత్రం ఆసుపత్రికి నాలుగు థర్మామీటర్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను మాటల్లో అడిగాను. లంకలో ఇప్పుడు నలభై ఆరుగురు ఉన్నారు. రెండు నెలల్లో నూటా ముప్పై మందిని పంపితే నిజంగా నీలిజ్వరం బయటపడింది ముగ్గురిలో. "ముందే వేరు చేస్తున్నాం కాబట్టే తగ్గింది" అంది ఆవిడ. మిగతావాళ్ళకు లంకలో జ్వరం చూశారా అని అడిగాను. చూశామనీ, చాలామందికి 37.5 పైనే ఉంటోందనీ చెప్పింది.

ఇంటికి వచ్చాక తట్టింది. లంకలో వాడే థర్మామీటర్లూ నేను ముద్ర వేసినవే. ఊళ్ళో ఉన్న ప్రతిదీ మాదాన్ని చూసి నేర్చుకున్నదే. అన్నీ ఒకే మాట చెప్పడంలో వింతేముంది?

మార్చి 11. గది 28.3, తేమ 66.

నూకరత్నం మళ్ళీ వచ్చింది. గుడ్డలో చుట్టి, వెదురు గొట్టంలో పెట్టి మూరెడు పొడవు గాజు థర్మామీటరు తెచ్చింది. పాలమెట్ట గేటువాళ్ళను బతిమాలి తెచ్చిందట. పాదరసానిది. వాళ్ళ గేటువన్నీ సరిచూసుకునే పెద్దది అదొక్కటే. సాయంత్రానికి తిరిగి ఇస్తానని మాటిచ్చిందట.

"నాను మాట్లాడితే మీరు నమ్మరు. ఇదైతే మాట్లాడతాది" అంది.

తొట్టిలో రెండూ పక్కపక్కన దించాను. మాది 37.00 చూపించింది. గాజుది 36.35.

రెండు థర్మామీటర్లు తగువులాడుకుంటే ఏది తప్పో ఆ రెంటినీ చూసి చెప్పలేం. మూడో సాక్షి కావాలి. ఫ్లాస్కులో ఐసు నింపి రెండూ అందులో పెట్టాను. నూకరత్నం స్టూలు మీద కూర్చుని చూస్తోంది. అరగంట గడిచింది. మాది 0.02. గాజుది సున్నాకు కింద, దాదాపు 0.6 దిగువన నిలబడింది.

"చూడమ్మా" అన్నాను. నా గొంతులో గెలుపు వినిపించి ఉంటుంది. "మంచులో పెడితే సున్నా చూపించాలి. మాది చూపించింది. వాళ్ళదే తక్కువ చెబుతోంది. నీ తప్పు లేదు, వాళ్ళ థర్మామీటరు తప్పు."

ఆవిడ తల వంచుకుంది. ఎండన పడి వచ్చిన మనిషి కదా, బల్ల మీద మిగిలిన ఐసు ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుంది. వెంటనే ముఖం అదోలా పెట్టి చేతిలోకి ఉమ్మేసింది.

"ఇది చేపల ఐసు కాదేటి?"

"ఐసు ఫ్యాక్టరీదే. శుద్ధి చేసిన నీళ్ళతో చేస్తారు."

"ఎవరు సెప్పినారు? ఊటబావి నీళ్ళు పోసీస్తారు. చేపకి ఉప్పైతే ఏటి, తీపైతే ఏటి? ఉప్పగా నేదా, మీరు సూడండి."

నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

ఉప్పు కలిసిన ఐసు సున్నా దగ్గర కరగదు. ఇంకా కిందనే కరుగుతుంది. ఈ మాట బడి పిల్లలకు నేనే చెబుతాను. రెండున్నరేళ్ళుగా ఆ ఐసు చితక్కొడుతున్నాను. ఒక్కసారి కూడా నాలుక మీద పెట్టుకోలేదు.

"ఆ గాజుది నాకు రేపటిదాకా కావాలి" అన్నాను.

"మాటిచ్చీసినానే."

"నేనే వచ్చి క్షమించమని చెబుతాను. ఇంకొక్క రోజు."

మార్చి 12. గది 27.7, తేమ 70.

డాక్టరమ్మను అడిగితే టీకాల ఫ్రీజరులో ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది. ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు రాత్రంతా గడ్డకట్టాయి. ఈ పొద్దున ఆ ఐసుతో పరీక్ష చేశాను. గాజుది: సున్నాకు 0.01 కింద. మాది: 0.58.

అయిదుసార్లు ఐసు మార్చి చూశాను. 0.58, 0.57, 0.58, 0.58, 0.59.

ఇప్పుడు రాయవలసింది రాస్తాను. ఇది రెండున్నరేళ్ళ కిందటే ఈ పుస్తకంలో ఉండవలసింది. ఆ ఏడు ఆగస్టులో మా ఫ్రీజరు చెడిపోయింది. ఫ్యాక్టరీ ఐసు తెప్పించుకోవడం మొదలుపెట్టాను. సెప్టెంబరు పద్దెనిమిదిన తొట్టి తుడుస్తుంటే ప్లాటినం థర్మామీటరు బల్ల అంచు మీంచి జారి నేల మీద పడింది. పగల్లేదు. ప్లాటినం తీగ సన్నని వెంట్రుకలా ఉంటుంది. దెబ్బ తగిలితే బిగుసుకుని, ఉన్న వేడి కంటే ఎక్కువ చూపిస్తుంది. అది నాకు తెలుసు కాబట్టే వెంటనే ఐసులో పెట్టి చూశాను. 0.02 వచ్చింది. ఏమీ కాలేదనుకున్నాను. పడిన సంగతి పుస్తకంలో రాయలేదు. రాస్తే ఓడ వచ్చేదాకా దాన్ని వాడకూడదు. ఊరికి ఉన్నది అదొక్కటే. ఈ రెండూ నిజాలే. కానీ మూడోది కూడా ఉంది: పడేసింది నేనేనని రాయడానికి సిగ్గుపడ్డాను.

దెబ్బ తిన్నది పైకి ఎంత చూపించిందో, ఉప్పు ఐసు కిందికి అంతే దిగింది. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేసింది. 37 దగ్గర అలా కప్పే ఐసు లేదు. అక్కడ మాది 0.65 ఎక్కువ చెబుతోంది. గేటులో 37.8 అని పంపినవాళ్ళకు నిజంగా ఉన్నది 37.15. అది ఎండన పనిచేసి వచ్చిన ఏ మనిషికైనా ఉండే వేడి.

ఒక్కటి మాత్రం కాస్త ఊరట. తప్పు ఎక్కువ వైపే జరిగింది. జ్వరం ఉన్నవాళ్ళెవరూ తప్పించుకుని లోపలికి రాలేదు.

మార్చి 13. గది 27.9, తేమ 72.

ఊరి సంఘం పెద్ద రామునాయుడు గారి దగ్గరికి వెళ్ళాను. నీలిజ్వరంలో భార్యనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న మనిషి. ఆ గేటు పెట్టించింది ఆయనే. అంతా విన్నారు.

"ఎవరికైనా సెప్పినావా?"

"నూకరత్నానికి తెలుసు. డాక్టరమ్మకు తెలుసు."

"అయితే ఇంతటితో ఆపీ. థర్మామీటర్లు తెప్పించి గుట్టుగా సరిచేసీ. లంకలో ఉన్నోళ్ళు ఇరవై ఒక్క రోజులూ అయ్యాక ఆళ్ళే వొస్తారు. సూడు సువార్తమ్మా, ఈ గేటు నిలబడింది ఇనుముతో కాదు. జనం ఆ అంకెని నమ్మబట్టి నిలబడింది. రెండున్నరేళ్ళు తప్పు సెప్పిందని తెలిస్తే రేపు నిజంగా జొరమొచ్చినోడు ఆగుతాడా?"

ఆయన భయం తేలికైనది కాదు. లంకలో పాలిచ్చే తల్లులు ఇంకా నలుగురున్నారని మాత్రం చెప్పాను.

"పోనీ, ఇప్పుడైనా నూటికి నూరుపాళ్ళు ఖాయమేనా?"

"కాదండీ. 0.15 అటూ ఇటూ ఉంటుంది. ఇన్నాళ్ళూ 0.1 అని రాశాను. ఆ మాట రాసే హక్కు నాకు లేదు."

"మళ్ళీ అటూ ఇటూనేనా! గేటు కాడ అటూ ఇటూ ఎలాగ?"

"37.6కూ 38కీ మధ్య వచ్చినవాళ్ళను అరగంట నీడన కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, రెండు థర్మామీటర్లతో మళ్ళీ చూడాలి. అప్పుడూ 37.8 ఉంటే లంక. తగ్గితే ఇల్లు."

ఆయన కిటికీలోంచి గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. లేచి వస్తూ చెప్పాను: "ముద్రలన్నీ నేను వేసినవి. రేపు పొద్దున వాటిని తీసేస్తున్నాను. ఎందుకు తీసేస్తున్నానో అడిగినవాళ్ళకు చెబుతాను. నన్ను ఈ పనిలోంచి తీసేయాలంటే మీ ఇష్టం."

మార్చి 14. గదిలో లేను.

పొద్దున్నే గేటు థర్మామీటర్ల ముద్రలు తీసి, సరిచేసి, అక్కడే బల్ల వేసుకుని కూర్చున్నాను. ఒక గిన్నెలో చేపల ఐసు, ఒక గిన్నెలో మంచినీళ్ళ ఐసు, మధ్యలో రెండు థర్మామీటర్లు. పడవల కోసం వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. రెండు గిన్నెల్లోంచీ తలో ముక్క నోట్లో వేసుకోమన్నాను. తరవాత రెండు గిన్నెల్లోనూ అంకెలు చూపించాను. సెప్టెంబరు పద్దెనిమిదిన ఏం జరిగిందో, నేనేం రాయలేదో చెప్పాను.

కొంతమంది తిట్టారు. ఒక ముసలాయన లంకలో పోయిన తన మూడు వారాల గురించి అడిగాడు. ఉప్పుమడుల్లో పనిచేసే సింహాద్రి జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"మా అమ్మని పోయినేడు పంపించీసినారు. ముప్పై ఏడూ తొమ్మిది అనీసి. డెబ్బై ఏళ్ళది. పన్నెండో రోజున పోయింది. ఆకరికి నాను దగ్గర నేకపోయినాను. దానికి ఏటి సెప్తావు?"

"తప్పు నాదే" అన్నాను. అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

ఎవరూ అనుకోకుండా రామునాయుడు గారు వచ్చారు. రెండు ముక్కలూ రుచి చూశారు. తరవాత గేటు కాపలావాళ్ళ వైపు తిరిగి, "సరిచేసినవి పట్టుకుని లంకకి పదండి. నానూ వొస్తాను" అన్నారు.

నూకరత్నం పడవలోనే వెళ్ళాం. నలభై ఆరుగురినీ నీడన కూర్చోబెట్టి రెండేసి థర్మామీటర్లతో చూశాం. నలభై ఒక్కరు మామూలుగానే ఉన్నారు. అయిదుగురికి నిజంగా జ్వరం ఉంది, వాళ్ళు ఉండిపోయారు. నలభై ఒక్కరినీ మూడు విడతల్లో చేర్చేసరికి సాయంత్రమైంది. చివరి విడతలో ఇద్దరు తల్లులు గట్టుకు ఇంకా పది బారలుండగానే నడుంలోతు నీళ్ళలోకి దిగిపోయి నడిచారు. నూకరత్నం వాళ్ళను ఆపలేదు, తెడ్డు పైకెత్తి చూస్తూ నిలబడిపోయింది.

ఏప్రిల్ 20. గది 29.2, తేమ 69.

నన్ను తీసేయలేదు. సంఘం ఒక షరతు పెట్టింది. ఇకపై ఐసు పరీక్ష చేసినప్పుడల్లా ఊరి మనిషొకరు పక్కన కూర్చుని అంకె చదవాలి, నేను రాయాలి, ఇద్దరూ సంతకం చేయాలి. నేనూ అదే కోరుకున్నాను.

ఓడ కోసం ఎదురు చూడడం మానేశాను. మాతో కలిపి మెట్టల ఊళ్ళు ఆరు. మిగతా అయిదింటికీ ఉత్తరాలు రాశాను: మీ దగ్గరున్న అన్నిటికంటే మంచి థర్మామీటరు ఏది? ఆవిరి నీళ్ళ ఐసులో ఎంత చూపిస్తోంది? పాలమెట్ట గాజు థర్మామీటరును వెదురు గొట్టంలో పెట్టి నూకరత్నం ఊరూరూ తిప్పింది. ప్రతి ఊళ్ళోనూ వాళ్ళ తొట్టిలో వాళ్ళే కొలిచి, కాగితం మడిచి అంటించి ఇచ్చారు. ఒకరిది ఒకరు చూడకూడదని నియమం. ఈ రోజు ఆరు కాగితాలూ ఒకేసారి విప్పాం. ఎక్కువ చూపించినదానికీ తక్కువ చూపించినదానికీ మధ్య తేడా 0.09. ఆరు ఊళ్ళు ఒకరినొకరు అడక్కుండా దాదాపు ఒకే మాట చెప్పాయి.

సవరించాక కూడా అందరికంటే పక్కకు తప్పి ఉన్నది మాదే. అలాగే రాసి అందరికీ పంపాను.

నూకరత్నం చంటిదాన్ని వెంట తెచ్చింది. డాక్టరమ్మ మందూ, పట్టుదలా కలిసి పాలు సగానికి తిరిగొచ్చాయట. పిల్ల, నేను గీతలు చదివే లెన్సు పట్టుకుని వదల్లేదు. "ఇదీ కొలతలకే పోతాది" అంది తల్లి.

మే 9. గది 30.4, తేమ 75.

గేటు నుంచి పరుగున పిలిచారు. వెళ్ళేసరికి ఉప్పుమడుల నుంచి పడవలో తిరిగొచ్చిన సింహాద్రి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. 38.6 వచ్చిందట. 38 దాటినా, అతను అడిగాడని అరగంట నీడన కూర్చోబెట్టారు. రెండో థర్మామీటరుతో నన్నే చూడమన్నాడట.

చూశాను. 38.5.

నా ముఖంలోకి చూశాడు. "ఎంత అటూ ఇటూ?"

"ఆరు ఊళ్ళతో పోల్చాక 0.12. ఎటు తీసినా జ్వరమే, సింహాద్రీ."

చుట్టూ పదిహేను ఇరవై మంది ఉన్నారు. రామునాయుడు గారు కూడా ఉన్నారు. ఆయన భయపడింది సరిగ్గా ఇలాంటి క్షణం గురించే. సింహాద్రి తోసుకుని లోపలికి పోతే ఆపే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. నాకు అసలే లేదు.

అతను తువ్వాలు మూతికి కట్టుకుని లేచాడు. "మా ఆవిడకి సెప్పండి, పిల్లల్ని దగ్గరకి రానీయొద్దని. రాత్రి నా పక్కన పడుకున్నారు, ఆళ్ళని కూడా సూడండి" అన్నాడు. తనంతట తనే రేవు మెట్లు దిగి లంక పడవ చివర్న, ఎవరికీ తగలకుండా కూర్చున్నాడు.

డాక్టరమ్మ సాయంత్రం చెప్పింది, అది నీలిజ్వరమేనని. ఆలస్యం కాకుండా పట్టుకున్నామని కూడా చెప్పింది.

జూన్ 2. గది 28.8, తేమ 80.

మొదటి వాన పడింది. సింహాద్రి మొన్న లంక నుంచి వచ్చాడు. సగానికి సగం తగ్గిపోయాడు గానీ నడుస్తున్నాడు. అతని పిల్లలకు రాలేదు. ఊళ్ళో ఇంకెవరికీ రాలేదు.

ఈ పొద్దున ప్రమాణశాల తలుపు దగ్గర నిలబడి, "అంకె సదివేదానికి ఈయేల ఎవరి వొంతు?" అని అడిగాడు. బడి పంతులిది అని చెప్పాను. "ఆయన్ని రావొద్దన్నాను. నాను కూకుంటాను" అన్నాడు.

వాళ్ళమ్మ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. స్టూలు చూపించాను. ఐసు ఎలా చితక్కొట్టాలో చెబితే తనే కొట్టాడు, ఉప్పుగల్లు పగలగొట్టే చేతులు కదా, నాకంటే సన్నగా వచ్చింది. కూరే ముందు ఒక ముక్క నోట్లో వేసుకుని చూసి తలూపాడు. అరగంట ఇద్దరం వాన చూస్తూ కూర్చున్నాం. మా ప్లాటినం థర్మామీటరుకు ఇప్పుడు పక్కనే సవరణ చీటీ అంటించి ఉంది: సున్నా దగ్గర 0.58, 37 దగ్గర 0.65 తీసేయాలి.

అతను దాని అంకె చూపించే మీటరు మీదికి వంగి, కళ్ళు చికిలించి, తొందరపడకుండా చదివాడు.

"సున్నా పాయింటు అయిదూ ఎనిమిది."

రాసుకున్నాను. పుస్తకం అతని వైపు తిప్పాను. నా సంతకం పక్కన, పెద్ద పెద్ద అక్షరాలతో, పేరంతా రాశాడు.